ఆపరేషన్ ఫలితాన్ని ఎవరు, ఎప్పటిదాకా లెక్కపెడుతున్నారు?

శస్త్రచికిత్స ఫలితాలపై జరిగే పరిశోధన గురించి, ఆపరేషన్ తర్వాతి సంరక్షణ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఒక సర్జన్ ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మా నాన్నగారికి పెద్దపేగులో గడ్డ ఉందని, ఆపరేషన్ చేసి తీసేయాలని చెప్పారు. “మా దగ్గర 98 శాతం ఆపరేషన్లు విజయవంతమవుతాయి” అని సర్జన్ గారు ధైర్యం చెప్పారు. ఈ అంకెను మేము ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు: ఆ అంకె అబద్ధమని అనుకోనక్కర్లేదు. కానీ దేన్ని లెక్కపెడితే అది వచ్చింది, ఎంతమందిలో లెక్కపెట్టారు, ఎన్ని రోజుల వరకు గమనించారు అన్న మూడు సంగతులు తెలియనంతవరకు దాని ఆధారంగా మీరు ఏ నిర్ణయానికీ రాలేరు. గడ్డను అంచులతో సహా పూర్తిగా తీయగలిగితే విజయమని కొందరు లెక్కవేస్తారు, రోగి ప్రాణంతో ఆసుపత్రి గడప దాటితే విజయమని మరికొందరు లెక్కవేస్తారు. పేగును కోసి మళ్లీ కలిపిన చోట లీకయితే, అది చాలావరకు మొదటి రెండు వారాల్లో బయటపడుతుంది. ఇప్పుడు చాలామందిని అంతకంటే ముందే ఇంటికి పంపిస్తున్నారు కనుక, డిశ్చార్జి రోజుతో లెక్క ముగించే చోట ఆ లీకు అసలు నమోదు కాకపోవచ్చు. రోగి మరో ఆసుపత్రిలో చేరితే మొదటి ఆసుపత్రికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

అందుకే ఫలితాల పరిశోధనలో కనీసం 30 రోజులు, పెద్ద ఆపరేషన్లకైతే 90 రోజులు రోగిని గమనించడం ఆనవాయితీగా మారింది. 2019లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా కనీసం 42 లక్షల మంది ఆపరేషన్ జరిగిన 30 రోజుల లోపు చనిపోతున్నారు. వీరందరూ ఆపరేషన్ వల్లనే చనిపోయారని దీని అర్థం కాదు. జబ్బు ముదిరి, వేరే దారి లేక ఆపరేషన్‌కు సిద్ధపడినవారు వారిలో ఎందరో ఉంటారు. అయినా థియేటర్ నుంచి బయటికి వచ్చిన తర్వాతి నెల రోజులను లెక్కలోకి తీసుకోని ఏ అంకె అయినా అసంపూర్ణమేనని ఈ ఒక్క అంచనా చాలు చెప్పడానికి.

ఈ ఆలోచనకు మూలపురుషుడు బోస్టన్ నగరానికి చెందిన ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్. ఆపరేషన్ చేసిన ప్రతి రోగికీ ఒక కార్డు రాసి, ఏడాది తర్వాత ఆ రోగిని మళ్లీ చూసి, అనుకున్న మేలు జరిగిందా, జరగకపోతే కారణమేమిటి అన్నది ఆ కార్డు మీదే నమోదు చేయాలని ఆయన పట్టుబట్టారు. 1911 నుంచి 1916 వరకు తన చిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన 337 మంది రోగుల వివరాలు, వారి వైద్యంలో తాను గుర్తించిన 123 పొరపాట్లతో సహా, అచ్చువేసి అందరి ముందూ పెట్టారు. తోటి వైద్యులకు ఇది నచ్చలేదు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఈ పద్ధతికి ఒప్పుకోకపోవడంతో 1914లో ఆయన అక్కడి ఉద్యోగానికి రాజీనామా చేశారు. ఈ రోజు ఫలితాల పరిశోధన అని మనం గౌరవంగా చెప్పుకునేదంతా ఆయన అప్పుడు అడిగినదే. ఆయన ధైర్యానికి మా వృత్తి ఎంతో రుణపడి ఉందని నా నమ్మకం.

కనుక మీ సర్జన్ గారిని సూటిగా అడగండి. నాన్నగారి వయసు, ఆరోగ్యం ఉన్నవారిలో నెల రోజుల లోపు మరణించినవారు ఎందరు, పేగు లీకై మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు ఎందరు, పొట్ట మీద మలం సంచితో ఇంటికి వెళ్లినవారు ఎందరు, వారిలో తర్వాత ఆ సంచి తీయించుకోగలిగినవారు ఎందరు అని అడగండి. ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కులను తీవ్రతను బట్టి ఐదు మెట్లుగా విభజించే పద్ధతి ఒకటి 2004 నుంచి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. పెద్దగా వైద్యం అవసరం లేని చిన్న తేడా మొదటి మెట్టు, మందులతోనో రక్తం ఎక్కించడంతోనో సరిపోయేది రెండవది, మళ్లీ ఆపరేషన్ వంటి జోక్యం కావలసింది మూడవది, ఐ.సి.యు.లో ఉంచవలసిన ప్రాణాపాయం నాల్గవది, మరణం ఐదవది. “మూడో మెట్టూ ఆ పైనా ఎంత శాతం?” అని అడిగితే, లెక్కలు రాసిపెట్టుకునే సర్జన్ సంతోషంగా చెబుతారు.

ప్రశ్న: మా అమ్మగారి ఆపరేషన్ కోసం రెండు ఆసుపత్రులను పరిశీలిస్తున్నాం. పెద్ద ఆసుపత్రిలో మరణాల శాతం కొంచెం ఎక్కువగా ఉంది. రెండవచోట సర్జన్ గారు ఇదే ఆపరేషన్ 50 మందికి చేశాననీ, ఒక్క మరణం కూడా జరగలేదనీ చెప్పారు. రెండవదే మంచిది కదా?

జవాబు: కావచ్చు, కాకపోవచ్చు. మీరు చెప్పిన అంకెల్లో నిర్ణయానికి సరిపడే సమాచారం లేదు.

ముందుగా ఆ 50 మంది సంగతి చూద్దాం. ఒక ప్రమాదం ఇప్పటివరకు ఒక్కసారి కూడా జరగనప్పుడు, అది గరిష్ఠంగా ఎంత శాతం ఉండే అవకాశం ఉందో అంచనా వేయడానికి గణాంక శాస్త్రవేత్తలు ఒక సులువైన సూత్రం చెబుతారు: 3ను ఆపరేషన్ల సంఖ్యతో భాగించాలి. 50 ఆపరేషన్లలో మరణాలు సున్నా అయినా, అసలు ప్రమాదం 6 శాతం వరకు ఉండవచ్చు; 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది అంతవరకే. అదే 1000 ఆపరేషన్లలో ఒక్క మరణమూ లేకపోతే గరిష్ఠ అంచనా 0.3 శాతానికి దిగుతుంది. మరణం అరుదుగా జరిగే ఆపరేషన్లలో ఒక్క సర్జన్ లెక్కలు చూసి నైపుణ్యాన్ని తేల్చడం ఎందుకు కష్టమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇక పెద్ద ఆసుపత్రికి వచ్చే రోగులు ఎటువంటివారో చూడాలి. వయసు పైబడినవారు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, అర్ధరాత్రి అత్యవసరంగా వచ్చినవారు, మిగతాచోట్ల కాదని పంపించినవారు అక్కడికే చేరుతుంటే మరణాల శాతం ఎక్కువగా ఉండడం సహజం. దీన్ని సరిచేయడానికి ప్రతి రోగికీ ఆపరేషన్‌కు ముందున్న ప్రమాదాన్ని లెక్కగట్టి, ఎందరు మరణిస్తారని అంచనా వేశారో, నిజంగా ఎందరు మరణించారో పోల్చి చూస్తారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 1990ల్లో ఇటువంటి పద్ధతిని దేశవ్యాప్తంగా అమలు చేశాయి. అలా సరిచేయని అంకెలను పత్రికల్లో అచ్చువేస్తే నష్టం రోగులకే జరుగుతుంది, ఎందుకంటే తన శాతం పాడవుతుందని భయపడే సర్జన్ అందరికంటే ఎక్కువ అవసరం ఉన్న రోగిని వెనక్కి పంపే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ల సంఖ్య కూడా ముఖ్యమే, కానీ అన్ని ఆపరేషన్లకూ ఒకేలా కాదు. 2002లో అమెరికాలో సుమారు 25 లక్షల ఆపరేషన్లను పరిశీలించిన అధ్యయనంలో, క్లోమగ్రంథి ఆపరేషన్లు అతి తక్కువగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు 16.3 శాతం ఉంటే, అతి ఎక్కువగా చేసేచోట 3.8 శాతమే ఉన్నాయి. మెడలోని రక్తనాళాన్ని శుభ్రం చేసే ఆపరేషన్‌లో మాత్రం ఆ తేడా 1.7 శాతానికీ 1.5 శాతానికీ మధ్య ఉన్నదే. కనుక అమ్మగారికి చేయవలసినది క్లోమం, అన్నవాహిక వంటి అవయవాలకు చేసే క్లిష్టమైన ఆపరేషన్ అయితే, అటువంటివి ఏటా ఎక్కువగా చేసే చోటునే ఎంచుకోమంటాను. సామాన్యమైన ఆపరేషన్ అయితే, ఇంటికి దగ్గరగా ఉండి, మళ్లీ మళ్లీ చూపించుకోవడానికి వీలైన ఆసుపత్రి కూడా మంచి ఎంపికే.

అన్నిటికంటే ముఖ్యమని నేను అనుకునేది ఇంకొకటి ఉంది. 2009లో వెలువడిన ఒక అధ్యయనం 84,730 మంది రోగుల వివరాలను పరిశీలించి, మరణాలు అతి తక్కువగా ఉన్న ఆసుపత్రులను, అతి ఎక్కువగా ఉన్న ఆసుపత్రులతో పోల్చింది. మొదటి వర్గంలో మరణాలు 3.5 శాతం, రెండవ వర్గంలో 6.9 శాతం. అయితే ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చినవారి శాతం మాత్రం దాదాపు సమానంగానే ఉంది: ఒకచోట 24.6, మరొకచోట 26.9. పెద్ద చిక్కు వచ్చిన రోగుల్లో మరణించినవారు మంచి ఆసుపత్రుల్లో 12.5 శాతం కాగా, రెండవ వర్గంలో 21.4 శాతం. అంటే ఇన్ఫెక్షన్, రక్తస్రావం, నిమోనియా వంటివి రెండుచోట్లా వచ్చాయి. వచ్చిన సంగతిని త్వరగా పసిగట్టి రోగిని కాపాడుకోవడంలోనే తేడా ఉంది. ఆ తేడా సర్జన్ చేతి చలవలో కంటే, రాత్రి రెండు గంటలకు నాడి వేగం పెరిగిందని గమనించే నర్సులో, ఆమె పిలిస్తే వెంటనే వచ్చే డాక్టరులో, ఖాళీగా దొరికే ఐ.సి.యు. పడకలో ఉంటుంది. యూరప్‌లోని 9 దేశాల్లో 4,20,000 మందికి పైగా ఆపరేషన్ రోగులను పరిశీలించి 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఒక్కో నర్సు చూసుకునే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, 30 రోజుల లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతున్నట్టు కనబడింది. అటువంటి పరిశీలన వల్ల కారణం ఇదేనని రుజువు కాదు కానీ, ఇన్ని దేశాల్లో ఒకే ధోరణి కనబడడాన్ని తేలిగ్గా తీసుకోలేం.

కాబట్టి రెండు ఆసుపత్రుల్లోనూ సర్జన్ పేరు ఒక్కటే చూడకండి. రాత్రిపూట ఆ వార్డులో ఒక నర్సు ఎంతమందిని చూసుకుంటారు, సర్జన్ ఊళ్లో లేనప్పుడు ఎవరు బాధ్యత తీసుకుంటారు, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లవలసి వస్తే ఎంతసేపట్లో మత్తు డాక్టరు వస్తారు అని తెలుసుకోండి.

ప్రశ్న: నాకు గజ్జల్లో హెర్నియా. రెండు రకాల ఆపరేషన్లను పోల్చి చూసే పరిశోధనలో చేరమని అడిగారు. ఏ ఆపరేషన్ చేయాలో కంప్యూటర్ నిర్ణయిస్తుందట. నా డాక్టరుకే తెలియని సంగతిని కంప్యూటర్ ఎలా తేలుస్తుంది? నన్ను ప్రయోగ జంతువుగా వాడుకుంటున్నారేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ భయం న్యాయమైనదే. దాన్ని మీ డాక్టరుతో చెప్పడానికి సంకోచించకండి.

కంప్యూటర్ మీకు ఏది మంచిదో నిర్ణయించదు. రెండు పద్ధతుల్లో ఏది మెరుగో ఇంకా తేలలేదని నిపుణులు నిజాయితీగా ఒప్పుకున్నప్పుడే ఇటువంటి పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఇస్తుంది, ఇవ్వాలి. ఎవరికి ఏది అన్నది సర్జన్ ఇష్టానికి వదిలితే, బలంగా ఉన్నవారికి ఒక పద్ధతి, నీరసంగా ఉన్నవారికి మరొకటి ఎంచుకునే అవకాశం ఉంది. అప్పుడు ఫలితంలో కనిపించే తేడా ఆపరేషన్‌దో, రోగి ఆరోగ్యానిదో చెప్పలేం. చీటీ వేసినట్టు కేటాయిస్తే వయసు, జబ్బు తీవ్రత, ఇంకా మనకు తెలియని కారణాలు కూడా రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగా సర్దుకుంటాయి.

ఇటువంటి పరిశోధనలు జరగనప్పుడు ఏమయిందో రొమ్ము క్యాన్సర్ చరిత్ర చెబుతుంది. 19వ శతాబ్దం చివర విలియం హాల్‌స్టెడ్ ప్రచారంలోకి తెచ్చిన ఆపరేషన్‌లో రొమ్ముతోపాటు దాని వెనకనున్న ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా తీసేసేవారు. ఎంత ఎక్కువ తీస్తే అంత మేలన్న నమ్మకంతో దశాబ్దాలపాటు లెక్కలేనంతమంది స్త్రీలు చేయి వాపుతో, కుంగిన ఛాతీతో బతికారు. 1970లలో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలోని మిలాన్ నగరంలో ఉంబెర్టో వెరొనేసి బృందాలు చీటీ పద్ధతిలో పోల్చి చూశాయి. గడ్డ తొలిదశలో ఉన్నప్పుడు రొమ్మును నిలిపి గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసేసినా, బతికే కాలంలో తేడా లేదని 20 ఏళ్ల పరిశీలన తర్వాత 2002లో వెలువడిన రెండు నివేదికలూ చెప్పాయి. ఆ పరిశోధనల్లో చేరడానికి ఒప్పుకున్న స్త్రీల వల్లనే ఆ తర్వాతి తరాలకు ఆ బాధ తప్పింది. వారి పేర్లు మనకు తెలియవు కానీ వారికి మనం ఎంతో రుణపడి ఉన్నాం.

కొన్ని ఆపరేషన్లయితే అవసరమే లేదని కూడా తేలింది. మోకాలి అరుగుదల నొప్పికి కీలులోకి గొట్టం పంపి కడిగి శుభ్రం చేయడం ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. 2002లో ప్రచురితమైన అధ్యయనంలో 180 మంది రోగుల్లో కొందరికి ఆ ఆపరేషన్ చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టారు. తమకు ఏది జరగవచ్చో వారందరికీ ముందే చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే చేర్చుకున్నారు. రెండేళ్లపాటు చూసినా, నిజమైన ఆపరేషన్ జరిగినవారికి నొప్పి గాట్ల గుంపు కంటే తగ్గలేదు.

మీ విషయంలో, సంతకం చేసే ముందు అంగీకార పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని చదవండి. ఆ రెండు ఆపరేషన్లలో ప్రతి దాని వల్ల వచ్చే ఇబ్బందులు, ఎన్నాళ్లు గమనిస్తారు, నష్టం జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది, మీ వివరాలను ఎవరు చూస్తారు అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. హెర్నియా విషయంలో అది మళ్లీ రావడం ఒక్కటే చూస్తారా, లేక నెలల తరబడి మిగిలే గజ్జల నొప్పిని కూడా కొలుస్తారా అని ప్రత్యేకంగా అడగండి. ఆ నొప్పి చాలామంది రోజువారీ బతుకును దెబ్బతీస్తుంది కనుక దాన్ని కొలవని పరిశోధన నా దృష్టిలో సగం పరిశోధనే. మీరు కాదన్నా మామూలు వైద్యం అందాలి. చేరిన తర్వాత ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ఇది డాక్టరు దయ కాదు, మీ హక్కు. 1964 నాటి హెల్సింకి ప్రకటన నుంచి ప్రపంచ వైద్యులు దీనికి కట్టుబడి ఉన్నారు.

ప్రశ్న: ఆపరేషన్ బల్ల మీదికి చేర్చే ముందు నా పేరు, ఏ వైపు ఆపరేషన్ అన్నది ముగ్గురు వేర్వేరుగా అడిగారు. వారికే తెలియదేమోనని కంగారు పడ్డాను. ఇది అవసరమా?

జవాబు: అవసరమే. అడగని చోట కంగారు పడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన 19 అంశాల భద్రతా పట్టికలో భాగమిది. 8 నగరాల్లోని 8 ఆసుపత్రుల్లో దాన్ని వాడకముందు, వాడిన తర్వాత పోల్చి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, చిక్కులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. అయితే కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో 101 ఆసుపత్రుల్లో దాన్ని అమలు చేశాక చెప్పుకోదగిన తేడా కనబడలేదని 2014లో మరో అధ్యయనం చెప్పింది. ఈ రెంటినీ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఒకటే: గడుల్లో టిక్కులు పెట్టినంత మాత్రాన రోగికి రక్షణ రాదు. మీ పేరు అడిగిన మనిషి మీ జవాబును నిజంగా వినాలి; ఏదో తేడాగా ఉందని నర్సు అంటే సర్జన్ ఆగాలి.

ప్రశ్న: 74 ఏళ్ల మా అత్తగారికి త్వరలో తుంటి ఆపరేషన్. ఇంట్లోవాళ్లం మేము చేయగలిగింది ఏమైనా ఉందా, లేక అంతా ఆసుపత్రి చేతిలోనే ఉంటుందా?

జవాబు: మీ చేతిలో చాలా ఉంది. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో ఒక ప్రశ్న వేసుకున్నారు: ఆపరేషన్ సరిగ్గా జరిగిన రోగి కూడా ఇన్ని రోజులు మంచం మీద ఎందుకు ఉండవలసి వస్తోంది? కారణాలను ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే, సుదీర్ఘమైన ఉపవాసం, తగ్గించని నొప్పి, అవసరం లేని గొట్టాలు, కదలకుండా పడుకోబెట్టడం వంటి పాత అలవాట్లే ఎక్కువగా కనిపించాయి. ఆ పరిశీలన నుంచే రోగి త్వరగా కోలుకునేలా చేసే పద్ధతులు పుట్టాయి. ఉదాహరణకు, మామూలు పరిస్థితుల్లో మత్తు ఇవ్వడానికి 6 గంటల ముందు వరకు తేలికపాటి ఘనాహారం, 2 గంటల ముందు వరకు మంచినీళ్లు తీసుకోవచ్చని ఇప్పుడు మత్తు వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెద్దావిడను ముందురోజు రాత్రి నుంచి చుక్క నీరు లేకుండా ఉంచమంటే, మీ మత్తు డాక్టరును మర్యాదగా అడగండి; మధుమేహం వల్లనో, కడుపు నెమ్మదిగా ఖాళీ అవడం వల్లనో ఆవిడకు వేరే నియమం అవసరం కావచ్చు, తుది మాట వారిదే.

చలి విషయం చాలామంది పట్టించుకోరు. 1996లో ప్రచురితమైన పరిశోధనలో, పెద్దపేగు ఆపరేషన్ జరిగిన 200 మందిలో శరీరాన్ని వెచ్చగా ఉంచినవారిలో 6 శాతం మందికి గాయంలో ఇన్ఫెక్షన్ వస్తే, చల్లబడనిచ్చినవారిలో 19 శాతం మందికి వచ్చింది. థియేటర్ బయట వేచి ఉన్నప్పుడు అత్తగారికి చలిగా ఉంటే దుప్పటి అడగడంలో తప్పేమీ లేదు.

వయసు పైబడినవారి విషయంలో నేను ఎక్కువగా ఆందోళన పడేది ఆపరేషన్ తర్వాత కలిగే మతిభ్రమ గురించి. రాత్రికి రాత్రే మనిషి మారిపోయి, తానెక్కడ ఉన్నదీ తెలియక, లేనివారితో మాట్లాడడమో, లేదా ఎవరితోనూ మాట్లాడకుండా మగతగా పడి ఉండడమో జరుగుతుంది. ఈ రెండవ రకాన్ని అలసట అనుకుని వదిలేస్తారు, కనుక అది మరింత ప్రమాదకరం. దగ్గరివారు ఇక్కడ చేయగలిగింది మందులతో కాదు. కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు థియేటర్ నుంచి రాగానే తిరిగి ఇవ్వండి. ఇప్పుడు పగలో రాత్రో చెప్పండి. రాత్రి నిద్ర చెడకుండా చూడండి, నీళ్లు తాగించండి, ఫిజియోథెరపిస్టు చెప్పిన రోజునే లేపి నిలబెట్టండి. మామూలు వార్డుల్లో చేరిన 852 మంది వృద్ధులపై జరిగి 1999లో వెలువడిన అధ్యయనంలో, ఇటువంటి చిన్న చిన్న శ్రద్ధలన్నీ కలిపి తీసుకున్నప్పుడు మతిభ్రమ 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. అది ఆపరేషన్ రోగులపై జరిగినది కాకపోయినా, ఆ తర్వాత ఇదే పద్ధతిని శస్త్రచికిత్స వార్డుల్లోకి కూడా తెచ్చారు. “ఈవిడ ఎప్పుడూ ఇలా ఉండదు” అని మీకు అనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పండి. రోగి మామూలుగా ఎలా ఉంటారో ఆ గదిలో తెలిసింది మీకే.

ప్రశ్న: నాకు మోకాలి కీలు మార్చి ఏడాది దాటింది. ఇప్పటికీ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి మెట్లు ఎక్కగలరా, నొప్పి ఎంత అని అడుగుతున్నారు. బాగానే ఉన్నాను కదా, ఎందుకీ ప్రశ్నలు?

జవాబు: బాగున్నవారు జవాబు చెప్పడం మానేస్తే పరిశోధన ఒకవైపుకు ఒరుగుతుంది, బాగా లేనివారు మానేస్తే మరోవైపుకు ఒరుగుతుంది. జవాబు ఇవ్వనివారిలో ఎవరు ఏ కోవకు చెందుతారో ఊహించడం సాధ్యం కాదు. స్వీడన్ 1975లోనే మోకాలి కీలు మార్పిడులకు దేశవ్యాప్త రిజిస్ట్రీ, అంటే ఆ ఆపరేషన్లను నమోదు చేసే చిట్టా, ప్రారంభించి, ఏ రకం కృత్రిమ కీలు ఎన్నేళ్లు నిలుస్తోందో వెంటాడి లెక్కగట్టింది. త్వరగా పాడయ్యే కీళ్లు అటువంటి రిజిస్ట్రీల వల్లనే బయటపడ్డాయి. కానీ మళ్లీ ఆపరేషన్ జరిగిందా లేదా అన్నది మాత్రమే రిజిస్ట్రీకి తెలిస్తే, నొప్పి భరిస్తూ ఇంట్లోనే కూర్చున్న మనిషి కూడా విజయాల ఖాతాలోనే చేరతారు. అందుకే రోగి నోటి మాటను కొలిచే ప్రశ్నావళులు వచ్చాయి. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు డాక్టరు గారు నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. కింద కూర్చుని లేవలేకపోతే లేవలేకపోతున్నానని, మచ్చ పక్కన తిమ్మిరి ఉంటే ఉందనీ, ఏ ఇబ్బందీ లేకపోతే లేదనీ ఉన్నది ఉన్నట్టు చెప్పండి.